అమెరికా బంగాళాదుంపలో బాక్టీరియా ఎండు తెగులు: కారక బాక్టీరియా జన్యు వైవిధ్యం

బంగాళాదుంప, టమాటా, వంగ, పొగాకు, మిరప వంటి పంటలను పచ్చగా ఉండగానే వాడ్చి చంపే తెగులు బాక్టీరియా ఎండు తెగులు. దీనికి కారణం రాల్‌స్టోనియా సోలనేసియారం అనే మట్టి బాక్టీరియా. దుంపలో కనిపించే దశను గోధుమ కుళ్లు అంటారు. 50కి పైగా కుటుంబాలకు చెందిన 200 మించిన మొక్కల జాతులకు ఇది సోకుతుంది. 2012లో మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్తల అభిప్రాయాలు సేకరించి ముఖ్యమైన పది బాక్టీరియాల జాబితా తయారుచేసినప్పుడు దీనికి రెండో స్థానం దక్కింది. ఒక్క బంగాళాదుంప పంటకే దాదాపు 80 దేశాల్లో కలిపి ఏటా 95 కోట్ల డాలర్ల నష్టం జరుగుతోందన్నది శాస్త్ర సాహిత్యంలో తరచూ కనిపించే అంచనా.

ఈ తెగులు విషయంలో అమెరికాది విచిత్రమైన పరిస్థితి. దీన్ని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించింది ఆ దేశంలోనే. ఫ్లారిడా, జార్జియా, కరొలైనా రాష్ట్రాల మట్టిలో ఈ బాక్టీరియా ఎన్నో తరాలుగా పాతుకుపోయి ఉంది. అయినా బంగాళాదుంపకు సోకే ఒక రకం రాల్‌స్టోనియాను అక్కడి చట్టం జీవాయుధంగా మారగల సూక్ష్మజీవుల జాబితాలో పెట్టింది. అది గ్రీన్‌హౌస్‌లో ఒక్క పూలకుండీలో కనబడినా దేశమంతా వేట మొదలవుతుంది. చూడగానే పొంతన లేనట్టు అనిపించినా రెండు వైఖరులకూ కారణముంది. రాల్‌స్టోనియా సోలనేసియారం అని మనం ఒకే పేరుతో పిలుస్తున్నది నిజానికి ఒక పెద్ద బాక్టీరియా సమూహం. అందులోని వంశాలు లక్షల ఏళ్ల కిందటే విడిపోయి వేర్వేరు ఖండాల్లో, వేర్వేరు మొక్కల మీద, వేర్వేరు వాతావరణాల్లో ఎదిగాయి. మైక్రోస్కోపు కింద అన్నీ ఒకేలా ఉంటాయి. మొక్కను చంపే తీరూ ఒకటే. తేడా అంతా జన్యువుల్లోనే ఉంది, ఆ తేడా తెలిస్తే తప్ప రైతుకు గానీ ప్రభుత్వానికి గానీ ఏం చేయాలో తెలియదు.

తెగులు లక్షణాలు, సోకే తీరు

మొదట మిట్టమధ్యాహ్నం ఎండకు చెట్టు పైకొస ఆకులు వేలాడతాయి. సాయంత్రానికి మళ్లీ తేరుకుంటాయి. రైతు నీళ్లు చాలలేదనుకుంటాడు. కొద్ది రోజుల్లో ఆ తేరుకోవడం ఆగిపోతుంది, ఆకు పసుపు తిరగకుండానే చెట్టు మొత్తం వాడి నేలకు ఒరుగుతుంది. కాండాన్ని మొదలు దగ్గర అడ్డంగా కోస్తే నీటినాళాలు గోధుమ రంగులో కనిపిస్తాయి. కోసిన ముక్కను గాజుగ్లాసులోని తేట నీళ్లలో మునిగేలా పట్టుకుంటే కొన్ని నిమిషాల్లోనే కోత నుంచి పాలలాంటి తెల్లని దారాలు కిందికి జారుతుంటాయి. ఆ దారాల నిండా కోట్ల కొద్దీ బాక్టీరియా ఉంటుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను నేటికీ ప్రపంచమంతటా పొలం గట్టున చేస్తారు. ఫ్యుజేరియం, వెర్టిసిల్లియం శిలీంధ్రాలు కూడా బంగాళాదుంపను వాడ్చుతాయి గానీ వాటిలో ఈ దారాలు రావు.

దుంపను కోస్తే తొక్కకు కొద్దిగా లోపల నాళవలయం బూడిద, గోధుమ రంగుల్లో కనిపిస్తుంది. నొక్కకపోయినా దాని మీద మీగడ రంగు చుక్కలు ఊరుతాయి. దుంప కళ్ల నుంచి కూడా ఈ జిగురు కారడం వల్ల తవ్వినప్పుడు కళ్ల దగ్గర మట్టి ముద్దలా అంటుకుని ఉంటుంది. చూడటానికి దీన్ని పోలి ఉండేది, అమెరికాలో విత్తన దుంపల ధ్రువీకరణలో ఏమాత్రం సహించని మరో బాక్టీరియా తెగులు వలయ కుళ్లు. దానికి కారణం క్లావిబాక్టర్ సెపిడోనికస్. అందులో జిగురు దానంతట అది ఊరదు, దుంపను పిండితేనే వస్తుంది.

బాక్టీరియా మట్టి నుంచి వేరు గాయాల ద్వారా, పక్కవేర్లు పొడుచుకొచ్చే పగుళ్ల ద్వారా లోపలికి చేరుతుంది. నీటినాళాల్లో పడ్డాక విపరీతంగా పెరిగి, బహిఃకణ పాలిశాకరైడ్ అనే జిగురును తయారుచేస్తుంది. నాళాలు పూడుకుపోయి నీరు పైకి ఎక్కదు. ఈ దాడికి సమయం ఎంచుకునే పద్ధతి ఆశ్చర్యం గొలుపుతుంది. బాక్టీరియా కణాలు ఒక సంకేత రసాయనాన్ని విడుదల చేస్తుంటాయి. చుట్టూ తమ సంఖ్య తగినంత పెరిగిందని ఆ రసాయనం మోతాదును బట్టి గ్రహించాకే జిగురు తయారీ పుంజుకుంటుంది. ఆ రసాయనాన్ని 1997లో జార్జియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గుర్తించారు. దీంతోపాటు మొక్క కణాల్లోకి ప్రొటీన్లను సూదిలా ఎక్కించే మూడో తరహా స్రావ వ్యవస్థ కూడా ఉంది. ఒక్కో స్ట్రెయిన్, అంటే జాతిలోని ఒక్కో ఉపరకం, ఇలా డెబ్బై దాకా ప్రొటీన్లను ఎక్కించగలదు. ఏ స్ట్రెయిన్ దగ్గర ఏ ప్రొటీన్లు ఉన్నాయన్నదాన్ని బట్టే అది ఏ మొక్కను గెలుస్తుంది, ఏ మొక్క దగ్గర ఓడుతుంది అన్నది చాలావరకు తేలుతుంది.

స్మిత్, కెల్మన్

1896లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఎర్విన్ ఫ్రింక్ స్మిత్ టమాటా, వంగ, బంగాళాదుంపల్లో వచ్చే ఈ తెగులును వర్ణించి, కారకానికి బాసిల్లస్ సోలనేసియారం అని పేరు పెట్టాడు. బాక్టీరియా వల్ల మొక్కలకు రోగాలొస్తాయంటే యూరప్‌లో చాలామంది నమ్మని కాలమది. జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ఫిషర్ ఆ వాదాన్ని బాహాటంగా తోసిపుచ్చాడు. స్మిత్ ఏళ్ల తరబడి రాతపూర్వకంగా జవాబిచ్చి, ప్రయోగాల బలంతో వాదన గెలిచాడు. మొక్కల బాక్టీరియా శాస్త్రం నిలదొక్కుకున్నది ఆ వివాదంతోనే. ఆ తర్వాత ఈ బాక్టీరియా సూడోమోనాస్ అయింది, 1992లో బర్ఖోల్డేరియా అయింది, 1990ల నడుమ రాల్‌స్టోనియాగా స్థిరపడింది.

స్మిత్ కాలానికే ఉత్తర కరొలైనాలోని గ్రాన్‌విల్ కౌంటీ పొగాకు రైతులు ఈ తెగులుకు చితికిపోయి ఉన్నారు. అక్కడ దాన్ని గ్రాన్‌విల్ ఎండు తెగులు అనేవారు. తట్టుకునే పొగాకు రకం ఆక్స్‌ఫర్డ్ 26 వచ్చింది 1940ల్లో. ఆ నేపథ్యంలోనే ఉత్తర కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆర్థర్ కెల్మన్ 1953లో ఈ తెగులు మీద సమగ్ర గ్రంథం వెలువరించాడు. మరుసటి ఏడాది టెట్రాజోలియం అనే రంగు పదార్థం కలిపిన పోషకాన్ని ప్రవేశపెట్టాడు. దాని మీద రోగం కలిగించే కణాలు మధ్యలో లేత గులాబీ రంగుతో, చుట్టూ తెల్లగా, జారుడుగా ఉండే కాలనీలు కడతాయి. అదే బాక్టీరియా ప్రయోగశాలలో ఎక్కువ కాలం ఉంటే రోగం తెచ్చే శక్తి కోల్పోయి, చిన్నవైన ముదురు ఎరుపు కాలనీలుగా మారుతుంది. ప్రపంచంలో ఏ మూల రాల్‌స్టోనియా మీద పనిచేసే ప్రయోగశాలకు వెళ్లినా నేటికీ ఆ గులాబీ పళ్లేలు కనిపిస్తాయి. ఉత్తర కరొలైనాలోని ర్యాలీ నగరంలో టమాటా నుంచి కెల్మన్ వేరుచేసిన కే60 స్ట్రెయినే ఈ జాతికి ప్రామాణిక నమూనా.

వర్గీకరణ

ఒకే బాక్టీరియా అయితే ఒకచోట అరటిని చంపి, మరోచోట పొగాకును చంపి, ఇంకోచోట బంగాళాదుంపను మాత్రమే ఎందుకు పట్టుకుంటుంది? 1962లో బుడెన్‌హాగెన్, సెక్వేరా, కెల్మన్ కలిసి ఆశ్రయమిచ్చే మొక్కను బట్టి దీన్ని రేసులుగా విడదీశారు. అనేక పంటలకు సోకేది రేసు 1, అరటి జాతులది రేసు 2, ప్రధానంగా బంగాళాదుంపది రేసు 3. తర్వాత అల్లం, మల్బరీలకు సోకేవి కూడా చేరాయి. 1964లో హేవర్డ్ మరో దారి పట్టాడు. మాల్టోజ్, లాక్టోజ్, సెల్లోబయోజ్ అనే మూడు చక్కెరలను, మానిటాల్, సార్బిటాల్, డల్సిటాల్ అనే మూడు చక్కెర ఆల్కహాళ్లను వాడుకునే తీరును బట్టి బయోవార్లుగా విభజించాడు. చక్కెరలను వాడుకుని ఆల్కహాళ్లను ముట్టనిది బయోవార్ 2. ఈ రెండు పద్ధతులనూ కలిపి రేసు 3 బయోవార్ 2 అన్న పేరు పుట్టింది. అమెరికా చట్టంలో చేరింది ఈ పేరే.

రెండు పద్ధతులకూ పునాది బలహీనమైనదే. రేసు 1 కిందకు వచ్చేవాటికి ఒకదానితో ఒకటికి చుట్టరికమే లేదు, మిగిలిన గదుల్లో పట్టనివన్నీ అందులో పడ్డాయి. బయోవార్ 2 పరీక్షలో నెగ్గినవన్నీ రేసు 3 కావు. బాక్టీరియా పైకి చూపే గుణాలను కాక వంశవృక్షాన్నే చదవాలన్న ఆలోచన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్యరూపం దాల్చింది. 1989లో డగ్లస్ కుక్, ఎలిజబెత్ బార్లో, లూయిస్ సెక్వేరా ప్రపంచం నలుమూలల నుంచి సేకరించిన స్ట్రెయిన్ల డీఎన్‌ఏను ఎంజైములతో కోసి, ఆ ముక్కల పొడవులో తేడాలను పోల్చారు. రోగం తెప్పించడంలో పాత్ర ఉన్న జన్యువులనే గుర్తులుగా వాడటం వారి పద్ధతిలోని తెలివి. స్ట్రెయిన్లన్నీ రెండు పెద్ద గుంపులుగా చీలాయి. ఒకటి ఆసియా మూలాలున్నది, రెండోది అమెరికా ఖండాలది. బంగాళాదుంప రేసు 3 మాత్రం రెండో గుంపులో బిగువైన, అతి సన్నిహితమైన చిన్న కట్టగా కనిపించింది. ఈ రంగంలో ఆ తర్వాత జరిగిన పనికంతటికీ ఈ ఫలితమే మూలం.

2005లో ఫీగన్, ప్రయర్ ఈ చిత్రాన్ని విస్తరించి ఫైలోటైపుల పద్ధతి ప్రతిపాదించారు. ఫైలోటైపు 1 ఆసియాది, 2 అమెరికా ఖండాలది, 3 ఆఫ్రికాది, 4 ఇండోనేషియా, జపాన్, ఆస్ట్రేలియా ప్రాంతాలది. ఫైలోటైపు 2ను మళ్లీ 2ఎ, 2బి అని విడదీశారు. ఒక్కో ఫైలోటైపులో ఎండోగ్లూకనేజ్ జన్యువు క్రమాన్ని బట్టి సీక్వెవార్లు అనే చిన్న గుంపులు ఏర్పాటు చేశారు. 2014లో సఫ్ని బృందం ఈ సమూహాన్ని మూడు వేర్వేరు జాతులుగా చీల్చింది. ఫైలోటైపు 2 రాల్‌స్టోనియా సోలనేసియారంగా మిగిలింది. 1, 3 కలిసి రాల్‌స్టోనియా సూడోసోలనేసియారం అయ్యాయి. 4 రాల్‌స్టోనియా సిజీజీ అయింది. రెండేళ్ల తర్వాత జన్యుపటాల పోలిక కూడా ఈ విభజననే బలపరిచింది.

ఇంత వైవిధ్యం ఎలా సాధ్యమైంది? ఫ్రెంచ్ గయానాలో టమాటా నుంచి వేరుచేసిన జీఎంఐ1000 స్ట్రెయిన్ పూర్తి జన్యుపటం 2002లో వెలువడింది. 58 లక్షల డీఎన్‌ఏ అక్షరాల ఆ పటం రెండు వలయాలుగా ఉంది. ఒకటి 37 లక్షల అక్షరాల క్రోమోజోము, రెండోది 21 లక్షల అక్షరాల మహాప్లాస్మిడ్. దాదాపు 5100 జన్యువులున్నాయి. వివిధ స్ట్రెయిన్లను దీనితో పోల్చినప్పుడు ఆ జన్యువుల్లో అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నవి సుమారు సగమే అని తేలింది. మిగతా సగం స్ట్రెయిన్‌ను బట్టి మారిపోతుంది. ఈ బాక్టీరియాకు పరిసరాల్లో పడి ఉన్న పరాయి డీఎన్‌ఏను పీల్చుకుని తన జన్యుపటంలో కలుపుకునే స్వభావం కూడా ఉంది. దూకే జన్యువులు కూడా పటం నిండా ఉన్నాయి.

అమెరికా దక్షిణాది స్థానిక వంశం

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో అనాదిగా ఉన్నది ప్రధానంగా ఫైలోటైపు 2ఎ, సీక్వెవార్ 7. కే60 ఈ వంశానిదే. పాత పద్ధతిలో చెప్పాలంటే ఇది రేసు 1 బయోవార్ 1. ఇది టమాటా, పొగాకులతోపాటు బంగాళాదుంపకూ సోకుతుంది. ఫ్లారిడాలో బంగాళాదుంపకు పేరుపడ్డ హేస్టింగ్స్ ప్రాంతం గోధుమ కుళ్లును చాలాకాలంగా ఎరుగును. అయితే ఈ వంశానికి వెచ్చదనం కావాలి. ఐడహో, వాషింగ్టన్, విస్కాన్సిన్, మెయిన్ వంటి రాష్ట్రాల్లో చల్లని పొలాలే అమెరికా బంగాళాదుంపకు ఆయువుపట్టు. అక్కడ ఈ వంశం కాలు మోపలేకపోయింది.

స్థానిక వంశం కూడా లోపల ఏకరీతిగా లేదు. దీనికి నా దృష్టిలో అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ పొగాకు విషయంలో దొరికింది. ఉత్తర, దక్షిణ కరొలైనాల్లో పొగాకుకు ఈ తెగులు తీవ్రంగా వస్తుంది. పక్కనే ఉన్న జార్జియా, ఫ్లారిడాల్లో టమాటాకు విపరీతంగా వచ్చినా పొగాకుకు అరుదు. మట్టి, వాతావరణం, రైతు పద్ధతులు అన్నీ దగ్గరదగ్గరగానే ఉన్నప్పుడు ఈ తేడా ఎందుకు? 2004లో వెలువడిన ఒక పరిశోధన జవాబును ఎవిఆర్ఎ అనే ఒక్క జన్యువులో చూపింది. ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను పొగాకు మొక్క శత్రువుగా గుర్తుపట్టి, సోకిన చోట కణాలను తనంతట తానే చంపుకుని బాక్టీరియాను అడ్డుకుంటుంది. జార్జియా, ఫ్లారిడా స్ట్రెయిన్లలో ఈ జన్యువు చెక్కుచెదరకుండా ఉంది, అందుకే అవి పొగాకు దగ్గర పట్టుబడుతున్నాయి. కరొలైనా స్ట్రెయిన్లలో దూకే డీఎన్‌ఏ ముక్కలు ఆ జన్యువు మధ్యలో దూరి దాన్ని చెడగొట్టాయి. గుర్తు చెరిగిపోయింది కాబట్టి పొగాకు వాటిని పసిగట్టలేకపోతోంది. తరాలుగా పొగాకే వేసిన నేలలో ఆ చెడిన జన్యువే బాక్టీరియాకు వరమైంది. రైతు ఏ పంటను నాటుతాడన్నది మట్టిలో ఏ బాక్టీరియా నిలుస్తుందో నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్నా బలమైన ఆధారం వేరే అక్కర్లేదు.

బయటి నుంచి వచ్చే వంశాలు కూడా అక్కడి చిత్రాన్ని మారుస్తున్నాయి. అలంకరణ మొక్కల దిగుమతితో కరీబియన్, మధ్య అమెరికా స్ట్రెయిన్లు ఫ్లారిడా నర్సరీల్లోకి చేరినట్టు డేవిడ్ నార్మన్ బృందం 2009లో చూపింది. 2012లో ఆగ్నేయ రాష్ట్రాల స్ట్రెయిన్ల సర్వేలో స్థానిక సీక్వెవార్ 7తోపాటు ఇతర వంశాలూ బయటపడ్డాయి. 2016లో ఫ్లారిడా బ్లూబెర్రీ తోటల్లో ఎండు తెగులు కనిపించింది. దానికి కారణం ఆసియా మూలాలున్న ఫైలోటైపు 1.

ఆండీస్ వంశం

బంగాళాదుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. రేసు 3 బయోవార్ 2 పుట్టిల్లు కూడా అదే. ఫైలోటైపు పద్ధతిలో ఇది 2బి. అందులో సీక్వెవార్ 2 ఎక్కువగా దక్షిణ అమెరికాకే పరిమితమైంది. సీక్వెవార్ 1 మాత్రం సోకినా లక్షణాలు కనబడని విత్తన దుంపల్లో కూర్చుని ప్రపంచమంతా తిరిగింది. ఆఫ్రికా, ఆసియాల కొండ ప్రాంతాల్లో, యూరప్‌లో, నేపాల్‌లో ఎక్కడ దీన్ని పట్టుకున్నా జన్యుపరంగా దాదాపు ఒకే ప్రతి. వర్జీనియా టెక్‌కు చెందిన బోరిస్ వినాట్జర్ బృందం 2015లో జన్యుపటాలను పోల్చినప్పుడు ఖండాంతరాల్లో దొరికిన స్ట్రెయిన్ల మధ్య తేడాలు అత్యల్పమని మళ్లీ రుజువైంది. సమూహంలో అంత వైవిధ్యం ఉండగా, మనుషులకు అత్యధిక నష్టం తెచ్చిన కొమ్మలో మాత్రం వైవిధ్యం లేదు. విత్తన దుంపల వ్యాపారమే ఒక్క కొమ్మను ఎంచి లోకమంతా నాటింది. ఇంత సన్నిహితమైన స్ట్రెయిన్లలో ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చాలంటే డీఎన్‌ఏలో వరుసగా పునరావృతమయ్యే చిన్న ముక్కల సంఖ్యను లెక్కపెట్టడమో, పూర్తి జన్యుపటాన్ని అక్షరం అక్షరం పోల్చడమో తప్పదు.

అమెరికాకు భయం పుట్టించింది యూరప్ అనుభవం. స్వీడన్‌లో 1970ల్లో, ఆ తర్వాత 1990ల్లో నెదర్లాండ్స్‌లో, బ్రిటన్‌లో ఈ వంశం బయటపడింది. వాగుల ఒడ్డున నీళ్లలోకి వేళ్లు దించే సోలానమ్ డల్కమారా అనే కలుపు మొక్కలో ఇది తిష్ఠ వేసింది. ఆ వాగు నీళ్లు పారించిన పొలాలన్నింటికీ ప్రమాదం ఏర్పడింది. ఈ కలుపు అమెరికాలోనూ ఉంది.

చల్లని చోట బతికే ఈ బాక్టీరియా చలిని తట్టుకుంటుందని ఏళ్ల తరబడి అందరూ అనుకున్నారు. 2009లో విస్కాన్సిన్‌కు చెందిన కెయిట్లిన్ అలెన్, జార్జియాకు చెందిన టిమోతీ డెన్నీ బృందాలు ఈ నమ్మకాన్ని ప్రయోగంతో పరీక్షించాయి. 4 డిగ్రీల సెల్సియస్ చల్లని నీటిలో ఒంటరిగా వదిలితే ఆండీస్ వంశం ఇతర స్ట్రెయిన్లకంటే ఏమీ మెరుగ్గా బతకలేదు. 20 డిగ్రీల దగ్గర మొక్కకు సోకించినప్పుడు మాత్రం ఉష్ణమండల స్ట్రెయిన్లు వెనకబడగా ఇది మొక్కను వాడ్చగలిగింది. చల్లని దుంపల్లోనూ ఎక్కువకాలం నిలిచింది. అంటే దీని ప్రత్యేకత చలిని ఓర్చుకోవడంలో లేదు, చల్లని వేళ మొక్కతో పోరాడి నెగ్గడంలో ఉంది. ఈ తేడా ఆచరణలో చాలా పెద్దది. మొక్క లేని చోట ఇది అజేయం కాదు కాబట్టి ఆశ్రయమిచ్చే పంటనూ కలుపునూ తీసేస్తే దాన్ని తుడిచిపెట్టే అవకాశం ఉంటుంది. 2015లో అలెన్ బృందమే మరో విషయం చూపింది. 28 డిగ్రీల దగ్గర ఉష్ణమండల స్ట్రెయిన్లతో కలిపి మొక్కలో వదిలితే ఆండీస్ వంశం పోటీలో ఓడిపోతుంది. ఉష్ణమండల మైదానాల్లో ఇది అరుదుగా, కొండల్లో విస్తారంగా ఎందుకు ఉంటుందో దీంతో అర్థమైంది.

జెరేనియం మొక్కలు, చట్టం

ఇంత కట్టడి ఉన్నా ఈ వంశం అమెరికాలోకి వచ్చింది, బంగాళాదుంప మీద మాత్రం కాదు. జెరేనియం అనే పూలమొక్కకూ ఇది సోకుతుంది. అమెరికా నర్సరీలు జెరేనియం కొమ్మ ముక్కలను వెచ్చని దేశాల నుంచి లక్షల సంఖ్యలో తెప్పించి, గ్రీన్‌హౌస్‌లలో వేళ్లు తొడిగించి అమ్ముతాయి. చల్లగా ఉంటే సోకిన మొక్క పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. 2003 ప్రారంభంలో కెన్యా నుంచి వచ్చిన జెరేనియంలలో ఈ బాక్టీరియా బయటపడింది. దాదాపు వెయ్యి గ్రీన్‌హౌస్‌లను నిర్బంధంలో పెట్టి, 20 లక్షలకు చేరువలో మొక్కలను నాశనం చేశారు. ఆ సంవత్సరం విస్కాన్సిన్‌లో జెరేనియం నుంచి వేరుచేసిన యూడబ్ల్యూ551 స్ట్రెయిన్ జన్యుపటాన్ని 2006లో ప్రకటించారు. చల్లని వేళ తెగులు తెచ్చే గుణం మీద అమెరికాలో జరిగిన పరిశోధనకు నేటికీ ఈ స్ట్రెయినే ఆధారం. 2020 ఏప్రిల్‌లో మిషిగన్ గ్రీన్‌హౌస్‌లో గ్వాటెమాలా నుంచి వచ్చిన జెరేనియంలలో అదే వంశం మళ్లీ కనిపించింది. 40కి పైగా రాష్ట్రాల్లో వందలాది గ్రీన్‌హౌస్‌ల మొక్కలను వెతికి పట్టుకోవలసి వచ్చింది. రెండుసార్లూ తెగులు బంగాళాదుంప పొలాలకు చేరకముందే ఆగింది.

2001 ఉగ్రవాద దాడుల తర్వాత వచ్చిన 2002 నాటి వ్యవసాయ జీవభద్రతా చట్టం కింద రేసు 3 బయోవార్ 2ను ప్రమాదకర సూక్ష్మజీవుల జాబితాలో చేర్చారు. దాన్ని దగ్గర ఉంచుకోవాలంటే ప్రత్యేక అనుమతి, భద్రత తనిఖీలు, పరిశోధకుల నేపథ్య విచారణ అవసరం. అనుమానం వచ్చిన మొక్కను పరీక్షించడం కూడా అంచెలంచెలుగా సాగుతుంది. చేతిలో పట్టే స్ట్రిప్ నిమిషాల్లో జవాబిస్తుంది గానీ అది రాల్‌స్టోనియా ఉందా లేదా అన్నంతవరకే చెబుతుంది, స్థానిక వంశమా ఆండీస్ వంశమా చెప్పలేదు. ఆ తేడా తేల్చడానికి పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష కావాలి. బెల్ట్స్‌విల్‌లోని వ్యవసాయ పరిశోధన సేవ శాస్త్రవేత్తలు 2015లో రెండు వంశాలను ఒకే పరీక్షలో విడదీసే పద్ధతిని ప్రచురించారు.

చట్టం గురించి ఒక మాట చెప్పక తప్పదు. వేల మైళ్ల అవతల నుంచి వచ్చే మొక్కల తనిఖీకి ఇంత కట్టుదిట్టం న్యాయమే. 2003 సంఘటనలో రైతుల పొలాలు దక్కింది ఆ కట్టుదిట్టం వల్లే. కానీ 1960ల నాటి రేసు, బయోవార్ పేర్ల మీద చట్టాన్ని నిలపడం, జన్యుశాస్త్రం ఫైలోటైపుల దాకా, జాతుల విభజన దాకా వెళ్లిపోయాక, సరికాదు. దక్షిణాది మట్టిలో ఉన్న సొంత వంశానికి లేని నిబంధనలు ఆండీస్ వంశానికి పెట్టినప్పుడు ఆ రెంటినీ వేరు చేసే గీత డీఎన్‌ఏ మీదే ఉండాలి. నిబంధనల భారం వల్ల ఆ వంశం మీద పనిచేసే ప్రయోగశాలలు తగ్గిపోవడం కూడా నష్టమే. శత్రువును తెలుసుకునేవాళ్లే తక్కువైతే కట్టడి ఎంతకాలం నిలుస్తుంది?

నిరోధక రకాల కోసం ప్రయత్నం

జన్యు వైవిధ్యం దెబ్బ గట్టిగా తగిలింది నిరోధక రకాల తయారీ మీదే. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ థర్‌స్టన్, లొజానో 1968లో కొలంబియాకు చెందిన సోలానమ్ ఫ్యురేజా అనే సాగు బంగాళాదుంప క్లోన్లలో ఎండు తెగులు నిరోధకత కనుగొన్నారు. సెక్వేరా, రో దాన్ని సాధారణ బంగాళాదుంపలోకి తెచ్చే పని చేశారు. పెరూలో కహమార్కా, మోలినేరా రకాలు ఆ కృషి ఫలితమే. కానీ వాటిని వేరే ప్రాంతాల్లో వేసినప్పుడు నిరోధకత నిలవలేదు. ఒక స్ట్రెయిన్‌ను అడ్డుకున్న రకం మరో స్ట్రెయిన్ ముందు లొంగిపోయింది. ఉష్ణోగ్రత పెరిగినప్పుడు అదే స్ట్రెయిన్ ముందు కూడా లొంగిపోయింది. దీన్ని 1982లో ఫ్రెంచ్, డి లిండో స్పష్టంగా నమోదు చేశారు. ఇప్పుడు శాస్త్రవేత్తలు దారి మార్చుకున్నారు. ఒక వంశానికి చెందిన స్ట్రెయిన్లన్నింటిలో తప్పనిసరిగా ఉండే ప్రొటీన్లను ముందుగా జన్యుపటాల్లో గుర్తించి, వాటిని పసిగట్టే మొక్కలను అడవి రకాల్లో వెతుకుతున్నారు. బాక్టీరియా వదులుకోలేని ఆయుధాన్నే గుర్తుగా పెట్టుకోవడం ఇందులోని ఉద్దేశం. ఆండీస్ వంశంలో వైవిధ్యం అతి తక్కువ కాబట్టి దాని మీద ఈ పద్ధతి ఫలించే అవకాశం ఎక్కువ.

అంతవరకు అమెరికా పొలాల్లో ఆధారపడదగిన రక్షణ ధ్రువీకరించిన విత్తన దుంపే. మట్టిలోకి చేరిన బాక్టీరియాను చంపే ఆచరణయోగ్యమైన మందు లేదు. పంట మార్పిడి, స్వయంగా మొలిచిన బంగాళాదుంప మొక్కల ఏరివేత, శుభ్రమైన సాగునీరు, పనిముట్లను కడగడం తోడుగా పనికొస్తాయి.

భారతదేశంలో

మన దేశంలో ఈ తెగులు 19వ శతాబ్దం చివర్లోనే పుణె ప్రాంతంలో నమోదైంది. అమెరికాలో విడివిడిగా కనిపించే వంశాలు ఇక్కడ ఒకే దేశంలో, ఒకే పంట మీద కలిసి ఉన్నాయి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2014లో ప్రచురించిన విశ్లేషణలో మన బంగాళాదుంపల్లో ఫైలోటైపు 1, ఆండీస్ వంశమైన 2బి సీక్వెవార్ 1, ఫైలోటైపు 4 మూడూ దొరికాయి. అమెరికా తన గుమ్మం దగ్గర ఆపుతున్న వంశం మన పొలాల్లో ఎప్పుడో స్థిరపడింది. జహీరాబాద్ ఆలుగడ్డ రైతుకైనా, చిత్తూరు జిల్లా ఉర్లగడ్డ రైతుకైనా బయటి రాష్ట్రాల నుంచి వచ్చే విత్తన దుంపే ఈ బాక్టీరియాకు ప్రధాన ద్వారం కాగలదు. కొనేముందు ధ్రువీకరణ అడగాలి. బస్తా నుంచి కొన్ని దుంపలను కోసి నాళవలయాన్ని చూడాలి. గోధుమ రంగు గానీ, మీగడ చుక్క గానీ కనిపిస్తే ఆ బస్తాను పొలం దరిదాపులకు రానివ్వకూడదు.